రెండు గోడల అంచు

కొలత తప్పని మనిషిని చూపించమంటే, నేను మా వీధి చివరి దర్జీని చూపిస్తాను. నలభై ఏళ్ళుగా మెడలో టేపుతో తిరుగుతున్నాడు, వెంట్రుకవాసి పొరపాటు పడిందే లేదు. గుమ్మంలో అడుగు పెట్టిన మనిషిని అలా చూసి నడుమెంతో భుజమెంతో చెప్పేస్తాడు. ఒకసారి కొట్లోకి పాము వస్తే అందరూ బల్లలెక్కారు. పాము మాత్రం ఆయన్ని చూసి, మొహమాటపడి, నేల మీద తిన్నగా పడుకుని కొలతిచ్చి మరీ వెళ్ళింది.

అంతటివాడికీ ఒక తోడల్లుడున్నాడు. భార్య చెల్లెలి మొగుడు, బీమా ఆఫీసులో గుమాస్తా. ఆ గుమాస్తా తన హాల్లో గోడా పైకప్పూ కలిసే చోట నాలుగు వైపులా ప్లాస్టరు అంచు పెట్టించి, చూసి పొమ్మని దర్జీనీ ఆయన భార్యనీ పిలిచాడు. నాలుగంగుళాల వెడల్పు, తెల్లటి తీగలు, తీగకి ఆకులు.

దర్జీ భార్య తల పైకెత్తింది. ఎత్తిన తల దించలేదు. కాఫీ చల్లారిపోతున్నా అలాగే చూస్తూ, "ఎంత బాగుందో" అంది.

దర్జీకి అక్కడే అంటుకుంది. తోడల్లుడి అంచు మీద కాదు, భార్య చూపు మీద. ముప్ఫై ఏళ్ళ కాపురంలో తను కుట్టిన ఏ బట్టనీ ఆవిడ అంతసేపు చూడలేదు. పెళ్ళికొడుకుల కోట్లు కుట్టాడు, నాటకాల రాజులకి అంగీలు కుట్టాడు. ఆవిడ చూసి "గుండీలు గట్టిగా ఉన్నాయా" అనేది, అంతే.

"అంచుకే మూడు వేలయింది అన్నయ్యగారూ. మేస్త్రీకి ఇంకో వెయ్యి" అన్నాడు గుమాస్తా, ఎవరూ అడక్కుండానే.

అందరూ పెరట్లోకి వెళ్ళిన సందు చూసుకుని దర్జీ కుర్చీ ఎక్కి, టేపు తీసి అంచు వెడల్పు కొలుస్తున్నాడు. మరదలు రానే వచ్చింది.

"ఏంటి బావగారూ, అక్కడేం చేస్తున్నారు?"

"బల్లి ఉందమ్మా."

"బల్లికి జాకెట్టు కుడతారా?"

ఆ మాటకి ఇంటిదాకా ఒళ్ళు మండుతూనే ఉంది. చెప్పులు విప్పకుండానే తన హాలు కొలిచాడు. పొడుగు పద్నాలుగు, వెడల్పు పది. చిన్న గుడ్డపీలిక మీద సుద్దతో ఇరవై నాలుగని వేసుకున్నాడు. కుట్లలోకి పోవడానికి ఒక అడుగు కలిపాడు. ఇరవై అయిదు.

మర్నాడు ప్లాస్టరు అచ్చుల కొట్టుకి వెళ్ళి, తోడల్లుడు పెట్టించిన తీగ రకం చూపించి ధర అడిగాడు.

"అడుగు అరవై. మీకెన్ని అడుగులు?"

"ఇరవై అయిదు."

"చిన్న గదే" అన్నాడు కొట్టాయన, మామూలుగా.

దర్జీ మనసులో లెక్క వేశాడు. పదిహేను వందలు. ఉన్నట్టుండి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తన హాలంతే ఉన్న హాలుకి మూడు వేలా తోడల్లుడు పెట్టింది? అయితే నిలువునా మోసపోయి ఉండాలి, లేదా గొప్పకి రెట్టింపు చెప్పుకుని ఉండాలి. రెండూ హాయిగానే ఉన్నాయి.

"అన్నింటికంటే పెద్దది చూపించండి."

తొమ్మిదంగుళాల అంచు తీశారు. ద్రాక్షగుత్తులు, గుత్తుల మధ్య పిట్టలు. అడుగు నూట ఇరవై. ఇరవై అయిదడుగులకి సరిగ్గా మూడు వేలు, మేస్త్రీకి వెయ్యి. తోడల్లుడి డబ్బుకే తోడల్లుణ్ణి మించిన సరుకు.

ఇంటికొచ్చి భార్యని నాలుగు వేలడిగాడు. ఆవిడ రెండేళ్ళుగా కొట్లో చొక్కాల గుండీలకి కాజాలు కుట్టి దాచుకున్న డబ్బు అది.

"నాలుగు వేలంటే ఎన్ని కాజాలో తెలుసా మీకు?"

"పైకి చూశాక నువ్వే మర్చిపోతావు."

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి తీసిచ్చింది. దర్జీ ఆ పూటే తోడల్లుడికి ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాడు.

శుక్రవారం మేస్త్రీ వచ్చాడు. పొడుగు గోడ పూర్తి చేశాడు, పొట్టి గోడ పూర్తి చేశాడు. నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు.

"మిగతా సరుకెక్కడ పెట్టారండీ?"

"మిగతాదేంటి?"

"ఆ రెండు గోడలకీ."

"అంతా అదేనయ్యా. ఇరవై అయిదడుగులు. కొలిచే తెచ్చాను."

మేస్త్రీ గదంతా ఒకసారి కలియజూశాడు. "గోడలు నాలుగున్నాయి కదండీ."

దర్జీ వేలు చూపిస్తూ గోడలు లెక్కపెట్టుకున్నాడు. నలభై ఏళ్ళ అలవాటు మరి. దర్జీలు బట్టని మడతపెట్టి గీస్తారు. ఛాతీ నలభై అయితే మడత మీద ఇరవయ్యే గీస్తారు. కత్తిరించి మడత విప్పితే అవతలి సగం దానంతటదే వస్తుంది. పాపం, ఈయన హాలుని కూడా మడతపెట్టే కొలిచాడు. విప్పడానికి గది బట్ట కాదాయె. మొదట్లో నేను చెప్పిన గొప్ప ఇక్కడితో చెల్లు. పాము సంగతి కూడా మర్చిపోండి.

ఇంకో ఇరవై అయిదడుగులు కావాలంటే మళ్ళీ మూడు వేలు. పైగా అచ్చు పోసి ఆరబెట్టడానికి పది రోజులు. గోడకెక్కిన ప్లాస్టరు ఊడబెరికితే ముక్కలే. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. బోడిగా ఉన్న రెండు గోడల్నీ చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే దర్జీ అన్నం తినేవాడు.

ఆదివారం పొద్దున్నే కుర్చీలన్నీ బోడిగోడలకి వీపులానించి వేశాడు. తోడల్లుడు వచ్చి కూర్చుని పైకి చూశాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఎంత వెడల్పు అన్నయ్యగారూ?"

"తొమ్మిది."

"మాది నాలుగు." మళ్ళీ పైకి చూశాడు. "అడుగెంత పడింది?"

"నూట ఇరవై."

గుమాస్తా పెదాలు కదిలాయి. "యాభై అడుగులకి ఆరు వేలు. మేస్త్రీతో కలిపి ఏడు." ఆ అంకె చెబుతుంటే ఆయన మొహం మాడిన పెనంలా అయింది. దర్జీ ఔననలేదు, కాదనలేదు. వారం రోజులుగా తన కడుపులో ఉన్న మంట ఎదుటి కుర్చీలోకి మారడం చూస్తూ కూర్చున్నాడు. అంత సుఖం ఆయన ఏనాడూ ఎరగడు.

అక్కకి సాయం చేద్దామని వంటింట్లోకి వెళ్ళిన మరదలు, కప్పులు పట్టుకుని తిరిగొస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. అటు నుంచి వచ్చేవాళ్ళకి ఎదురుగా ఉన్నవి బోడిగోడలే.

"అదేంటి బావగారూ, ఈ రెండు గోడలకీ లేదేం?"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. దర్జీ టేపు చివర పట్టుకుని నలుపుతున్నాడు.

"నేనే వద్దన్నానే" అంది వెనకే వచ్చిన దర్జీ భార్య, పళ్ళెం బల్ల మీద పెడుతూ. "మీ బావ నాలుగు వైపులా పెట్టిస్తానంటే, ఇంత వెడల్పుది చుట్టూ పెడితే గది కుంచించుకుపోతుందన్నాను. కాఫీ తీసుకోండి మరిదిగారూ, చల్లారిపోతుంది."

గుమాస్తా అంచుని చూశాడు, ఖాళీ గోడల్ని చూశాడు. "మరి మాకెవరూ చెప్పలేదే వదినా" అన్నాడు నీరసంగా.

అప్పుడు దర్జీ తన భార్య వైపు చూశాడు. ఆవిడ పైకి చూడటం లేదు. ఆయన్నే చూస్తోంది. ముప్ఫై ఏళ్ళలో చూడనంతసేపు చూసింది గానీ, ఆ చూపులో తీగలూ పిట్టలూ ఏమీ లేవు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక సూదీ దారం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నాలుగు వేలకి సరిపడా కాజాలు మీరే కుట్టండి. ఆ డబ్బు నాకిచ్చాక ఆ గోడల సంగతి చూద్దాం."

"మా తోడల్లుడి మొహం చూశావా నువ్వు?"

"చూశాను. వారం నుంచి మీ మొహం చూసి చూసి, ఆయన్ది పోల్చుకోవడం కష్టం కాలేదు."

దర్జీ దీపం కిందికి జరిగి సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ఇప్పటికి ఎనిమిది చొక్కాల కాజాలయ్యాయట.

గుమాస్తా మాత్రం ఇంటికెళ్ళి మూడు రోజులు సరిగ్గా తినలేదు. నాలుగో రోజు మేస్త్రీని పిలిపించి, తన హాల్లో రెండు గోడల అంచు పగలగొట్టించేశాడు.

ఆ పగలగొట్టించాడన్న ముక్క నేను కల్పించింది. ఆయన కుర్చీ ఎక్కి, ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టి రెండు వైపుల అంచూ కనిపించకుండా చూసుకున్నాడు, అంతే. దిగేటప్పుడు భార్య చూసిందట.