నల్ల టేపు చుట్ట

వానెస్ పోయి మూడు నెలలు. అతని భార్య కత్రీన్ చేతులు మొద్దుబారి రెండు నెలలు. ప్రతి ఆదివారం సైకిలు క్లబ్బువాళ్ళతో కలిసి, అతని రేసు సైకిలు మీదే ఔడెనార్డె ఊరి చుట్టూ ఉన్న రాళ్ళ బాటలన్నీ తొక్కుతోంది. సైకిలు అతనిది, సీటు ఎత్తూ అతనిదే. ఈవిడేమో అతని భుజం దాకా వచ్చే మనిషి. సీటు మీద నడుము అటూ ఇటూ జారుతుంటే వెనకవాళ్ళు చూడలేక తల తిప్పుకునేవాళ్ళు. చెబితే వింటేగా? మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

ఈ శనివారం కాఫీ కప్పు చేతిలోంచి జారిపోయింది. నేల మీద పగిలిన చప్పుడుకు గాని ఆమెకు తెలియలేదు. అప్పుడు సైకిలు నడిపించుకుంటూ ఓడీల్ షాపుకు వచ్చింది. ఓడీల్ వానెస్‌కు సొంత బాబాయి. నలభై ఏళ్ళుగా మనిషి ఒడ్డూ పొడుగూ చూసి సైకిలు అమర్చడమే ఆయన పని.

ఆయన సైకిలును స్టాండుకు బిగించి, ఆమెను ఎక్కించి, మడమ పెడల్ మీద ఆనించి కాలు చాపమన్నాడు. పెడల్ అందలేదు. ఒంటి బరువంతా చేతుల మీద పడే అవి మొద్దుబారాయనీ, సీటు నాలుగు వేళ్ళు దించి హ్యాండిల్‌ను ఆమె దగ్గరకు జరపాలనీ చెప్పాడు. తీరా సీటు గొట్టం చూసి ఆగిపోయాడు.

గొట్టానికి నల్ల టేపు చుట్టి ఉంది. సీటు ఊడదీసి కారులో పెట్టుకున్నప్పుడల్లా మళ్ళీ అదే ఎత్తుకు బిగించుకోవడానికి వానెస్ పెట్టుకున్న గుర్తు. అది తీయందే గొట్టం లోపలికి దిగదు.

"బట్టలన్నీ ఇచ్చేశాను, చిన్నమావయ్యా. ఆయన కొలత ఇదొక్కటే మిగిలింది."

"ఆ కొలత తీసింది నేనేనమ్మా. వాడే ఉంటే నిన్నిట్టా తొక్కనిచ్చేవాడా?"

కత్రీన్ సైకిలు దిగింది. తనే తీస్తానంది. టేపు అంచు వేళ్ళకు దొరకలేదు. ఓడీల్ గోటితో అంచు లేపి ఆమె వేళ్ళకు అందించాడు. లాగేసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు.

ఆయన సీటు దించి, హ్యాండిల్‌ను దగ్గరకు తెచ్చి, మళ్ళీ ఎక్కి కాసేపు ఊరికే తొక్కమన్నాడు. అరగంటకు వేళ్ళలో స్పర్శ తిరిగొస్తూ చీమలు పాకినట్టయింది. హ్యాండిల్‌కు చుట్టిన పట్టీ మీద ఒకచోట బొటనవేలికి ఏదో తగిలి కాళ్ళు ఆపేసింది.

"ఇక్కడ గుంట పడి ఉంది."

"వాడి బొటనవేలు," అన్నాడు ఓడీల్. "ఎప్పుడూ అక్కడే నొక్కేవాడు."

రెండు నెలలుగా ఆమె చెయ్యి దాని మీదే ఉన్నా తెలియలేదు. కత్రీన్ తన వేలు ఆ గుంటలో పెట్టింది. అతను పోయిన ఈ మూడు నెలల్లో మొదటిసారి నొప్పి తెలిసింది.