రేకు మీద బోద

శిరివెళ్ల దగ్గర బోద గడ్డి కప్పిన కొట్టాలన్నీ ఒక్క మధ్యాహ్నం కాలి బూడిదైపోయిన తర్వాత, సర్కారు ఆ కుటుంబాలకు రోడ్డు పక్కన కాలనీ కట్టించింది. ఇటుక గోడలు, పైన సిమెంటు రేకులు, ముందువైపు ఒక్కటే కిటికీ. కృపావరానికీ ఆమె మొగుడు పౌలుకూ వరసలో చివరి ఇల్లు వచ్చింది. నిప్పు భయం లేని ఇల్లని కృపావరం సంబరపడింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆమె కడుపు పండింది ఆ ఇంట్లోనే. ఆడపిల్ల పుడితే పౌలు తన తల్లి పేరు పెట్టుకున్నాడు, దీనమ్మ అని.

ఎండలు ముదిరాక గానీ ఆ ఇల్లేమిటో తెలియలేదు. చెయ్యెత్తితే తగిలే రేకులు పొద్దెక్కకముందే కాగిపోయేవి. పౌలు నల్లమల అంచుకు పోయి బోద కోసుకొచ్చి, రేకుల మీద మందంగా పరిచి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టాడు. ఇంట్లో కాస్త ఊపిరాడింది. అతణ్ణి చూసి పక్కవాళ్ళూ కప్పుకున్నారు.

కాలనీ పనులు చూసే ఓవర్సీరు శ్రీనివాసులు తనిఖీకి వచ్చి అది చూశాడు. చెడ్డవాడు కాదు. కొట్టాలు కాలిన రోజు ఒక ముసలామెను బూడిదలోంచి తీసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. కప్పు మీద అంటుకునేదేదీ ఉండరాదని రాష్ట్రమంతటికీ నియమం ఉందనీ, తీయకపోతే పట్టా రద్దవుతుందనీ చెప్పాడు. ఆ సాయంత్రమే పౌలు బోదంతా దించేశాడు.

అప్పటినుంచి కృపావరం ఎండపూట బిడ్డను ఎత్తుకుని కాలువ గట్టు మీది వేపచెట్ల కిందికి పోయేది. మే నెలలో ఒకరోజు వడగాలి దుమ్ము రేపుతూ కొట్టింది. అంత గాలిలో తిప్పడం కంటే ఇంట్లో పడుకోబెట్టడమే మేలనుకుంది. బిడ్డకు తడిగుడ్డ కప్పి, తలుపు దగ్గరగా వేసి, బోరింగు దగ్గరికి నీళ్ళకు పోయింది. అక్కడ బిందెలు బారులు తీరి ఉన్నాయి. తిరిగొచ్చేసరికి గుడ్డ ఎండి బిరుసెక్కి ఉంది. బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. ఏడవడం లేదు.

రోడ్డుకు అడ్డంపడి ఆళ్లగడ్డ బస్సు ఆపింది. ఎవరో నీళ్ళిస్తే కొంగు తడిపి బిడ్డను తుడుస్తూ కూర్చుంది. ఆళ్లగడ్డ ఇంకా రాకముందే పక్కనున్న పెద్దామె బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కృపావరం చెయ్యి పట్టుకుంది. కృపావరం ఆ చెయ్యి విడిపించుకుని మళ్ళీ తుడవసాగింది.

పౌలు ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించేది ఆమెకు. ఆ ఇంట్లో ఇద్దరూ అవసరానికి తప్ప మాట్లాడుకోవడం మానేశారు.

మరుసటి ఏడు శ్రీనివాసులు వాళ్ళింటికి వచ్చాడు. గడప దాటి లోపలికి రాలేకపోయాడు. జరిగిందంతా తాను పైవాళ్ళకు రాశానన్నాడు. ఇళ్ళ నియమాలు తిరగరాయడానికి హైదరాబాదు నుంచి ఒక కమిటీ జిల్లాలు తిరుగుతోందనీ, నంద్యాలకు కూడా వస్తోందనీ, కృపావరం తన నోటితో చెబితే వాళ్ళు వింటారనీ అన్నాడు.

అతను వెళ్ళగానే, ఇన్నాళ్ళకు పౌలు నోరు విప్పాడు. "సచ్చిన బిడ్డను మళ్ళా వాళ్ళ ముందర పరస్తావా మే?"

"పరస్తా. నా కడుపులోనే పెట్టుకుంటే ఎవురికి తెలుస్తాది?"

నంద్యాల బంగళాలో పొడవాటి బల్ల వెనక పెద్ద ఆఫీసర్లు కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన, శ్రీనివాసులు రాసినట్టు కప్పు ఎత్తు పెంచితే అదే నిధులతో కట్టే ఇళ్ళు తగ్గిపోతాయనీ, అప్పుడు కొట్టాల్లో మిగిలిపోయేవాళ్ళకు ఏం జవాబు చెప్పాలనీ అడిగాడు. అందులో అబద్ధమేమీ లేదు. అప్పుడు కృపావరాన్ని పిలిచారు.

"రేకులు వద్దనడానికి రాలేదు సార్," అంది ఆమె. "కొట్టాలు కాలేది నేనూ చూసినా. బోద తీయమంటే తీసేస్తిమి. తీసినంక లోపల ఎట్లుంటారని ఎవురూ అడగలేదు."

కమిటీ పెద్ద నెమ్మదిగా బిడ్డ వయసెంతని అడిగాడు. ఆమెకు నెలలు గుర్తుకు రాలేదు.

"పండ్లు వస్తాండె సార్. కింద రెండు."



నియమం మాత్రం వెంటనే మారలేదు. ముసాయిదా రాశారు, అభ్యంతరాలు చెప్పమని అన్ని జిల్లాలకూ పంపారు. అవి తిరిగి వచ్చేసరికి కమిటీ పెద్ద రిటైరయ్యాడు. ఎలక్షన్లు వచ్చాయి, కొత్త సర్కారు మళ్ళీ మొదటినుంచి చూస్తామంది. శ్రీనివాసులుకు ఆళ్లగడ్డకు బదిలీ అయింది. అక్కడినుంచీ రాస్తూనే ఉన్నాడు. ఎనభై నాలుగులో చివరికి ఉత్తర్వు వచ్చింది. కప్పు ఎత్తుగా ఉండాలి, గాలి ఆడేట్టు ఎదురెదురు కిటికీలు ఉండాలి, రాయి దొరికే చోట నాపరాళ్ళు పరిచి మట్టి, సున్నం వేసి మిద్దె కట్టవచ్చు. ఆ మాట చెప్పడానికి అతను పని మానుకుని బస్సెక్కి వచ్చాడు.

కృపావరం అంతా విని, మరి ఈ ఇండ్లకో, అని అడిగింది.

"ఇకమీదట మంజూరయ్యేవాటికేనమ్మా," అన్నాడు శ్రీనివాసులు.

మరుసటి ఎండాకాలం ఆళ్లగడ్డ బయట కొత్త కాలనీ లేచింది. పౌలు, కృపావరం అక్కడికే కూలికి పోయారు. సున్నం గంపలు నెత్తిన పెట్టుకుని ఆమె నిచ్చెన మీదుగా మిద్దెల పైకి మోసింది. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆడవాళ్ళంతా కప్పు పూర్తయిన ఒక ఇంట్లో నడుం వాల్చారు. కృపావరం కూడా లోపలికి పోయింది. ఎదురు కిటికీలోంచి గాలి వచ్చి మెడ మీది చెమటకు తగిలింది. గచ్చు వేయని నేల మీద ఒక కూలామె బిడ్డ చేతులు చాపి ఆదమరచి నిద్రపోతోంది.

ఆమె అక్కడ నిలవలేకపోయింది. బయటికొచ్చి ఇసుక కుప్ప పక్కన ఎండలో కూర్చుంది.

మేస్త్రీ గురవయ్య గుమ్మంలోంచి పిలిచాడు. "ఆ ఎండలో ఏంది మ్మా? లోపల సల్లగ ఉండాది, రా."

"ఈడే ఉంటాలే అన్నా," అంది కృపావరం.

పౌలు అది విన్నాడు. తన తువాలు తీసుకొచ్చి ఆమె తల మీద కప్పి, పక్కనే కూర్చున్నాడు. పనికి పిలుపు వచ్చేదాకా ఇద్దరూ ఆ ఎండలోనే ఉన్నారు.