పీత చూపిన పుట్టిల్లు

వాసితి వంటింట్లో పీతని కుండలో వేసేముందు ఒక్క క్షణం చాప మీద వదలాలి. అది గిర్రున తిరిగి, తన తల్లి పుట్టిన చోటు వైపు కుడి డెక్క ఎత్తుతుంది. "తెలిసిందిలే తల్లీ" అని అప్పుడు వాసితి దాన్ని మరిగే కొబ్బరిపాలల్లో వేస్తుంది. వాళ్ళమ్మ వంటింట్లోనూ అంతే. నసౌలేవు ఊళ్ళో దీన్ని వింత అనుకున్నవాళ్ళు లేరు.

పీతలన్నీ సముద్రం వైపే చూపేవి. గుడ్ల పీతలు పోయేది సముద్రంలోకే కదా, తల్లి మీద బెంగలే అనుకున్నారు. ఆ దిక్కునే, అఖాతానికి అవతల, వైతంబు ఊరుంది. ఆ పేరు ఎవరూ ఎత్తరు. వాసితి కూతురు మెరెసెని ఆ ఊరి కుర్రాడితో వెళ్ళిపోయింది. కుర్రాడివైపు వాళ్ళు, క్షమించమని అడిగేటప్పుడు ఇచ్చే తిమింగలం పన్ను తెచ్చి తప్పు ఒప్పుకుంటే, వాసితి మొగుడు ఎపెలి దాన్ని ముట్టకుండా తిప్పి పంపాడు. ఆ తీరంలో అంతకు మించిన అవమానం లేదు. రాకపోకలు బంద్. మెరెసెనికి ఆడపిల్ల పుట్టిందని వాసితికి చేపలవాళ్ళ నోట తెలిసింది. ఆ పిల్లని ఒక్కసారి ఎత్తుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది.

ఇంతలో పీతలు తగ్గిపోయాయి. ఊరిపెద్ద ఎపెలే. మడ అడవి మొదట్లో గెడ పాతి, కొబ్బరాకు కట్టించి, వేట మూయించాడు. రెండు వానాకాలాలు పోయాక తెరిస్తే బుట్ట అడుగైనా నిండలేదు.

అప్పుడే సువా పట్నం నుంచి కేలెరా వచ్చింది, పీతల వంశం చూసే పిల్ల. అబ్బ, ఏం ఓపికండీ! నడుంలోతు బురదలో దిగి, ప్రతి పీత కాలి కొసా ఇంత తుంచి సీసాలో వేసి, పీతని వదిలేసేది. వైతంబులోనూ అంతే చేసింది. చాప మీద పీత డెక్క ఎత్తితే నవ్వకుండా వంగి దిక్కు చూసుకుంది.

"నా పనీ ఇదే పిన్నీ. కాకపోతే నాకు ఏడాది పడుతుంది."

అన్నట్టే ఏడాదికి తిరిగొచ్చి, పదిమందీ పంచుకు తాగే యాంగోన వేరు కషాయం గిన్నె ముందు కూర్చుని చెప్పింది. రెండు మడల పీతలదీ ఒకటే నెత్తురట. తల్లులు వైతంబువి. అవి సముద్రంలో గుడ్లు వదిలితే, నీటివాలు పిల్లల్ని ఇటు తోస్తుందట. వాళ్ళు గుడ్ల పీతల్ని వదిలితేనే వీళ్ళకి పీతలు, ఇక్కడ ఎన్ని గెడలు పాతినా దండగే.

ఎపెలి తాగుతున్న కొబ్బరిచిప్ప కింద పెట్టాడు. "అంటే నేను పోయి అడగాలన్నమాట."

"నువ్వు వద్దన్నావే, అలాంటి పన్నే మోసుకుని," అంది వాసితి. "నేనూ వస్తా. పడవ ఎక్కనివ్వకపోతే ఈదుకుంటూ వస్తా."

వైతంబులో ఎపెలి వియ్యంకుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పన్ను చాచాడు. వియ్యంకుడు దానివంక చూస్తూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం చాపలేదు. తిప్పి పంపితే పీతలూ లేవు, కూతురూ లేదు.

గుమ్మంలో నిలబడ్డ మెరెసెని చంకలోని మూడేళ్ళ పిల్లని చాప మీదకి దించింది. అది నిలుచున్నచోటే గిర్రున తిరిగి, ఎవరి మొహమూ చూడకుండా, నీళ్ళకి అవతల నసౌలేవు వైపు కుడి చెయ్యి ఎత్తింది.

అక్కడా ఎవరూ వింతపడలేదు. వియ్యంకుడు పన్ను అందుకున్నాడు.

"గుడ్ల పీతల్ని వదిలేస్తాంలే బావగారూ. ముందు తల్లినీ పిల్లనీ పడవెక్కించండి. అది అమ్మ పుట్టిల్లు అడుగుతోంది."

వాసితి మనవరాలిని ఎత్తుకుని, ఆ చిన్న చెయ్యి కళ్ళకద్దుకుంది. "తెలిసిందిలే తల్లీ" అంది.