మణిద్వారంలో ఆదివారాలు

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో, మణిద్వారంలో ఆదివారాలు వాన పడదని తేలింది.

మణిద్వారం నిజానికి ఎక్కడా లేని నగరం. ఫోన్‌లో ఆడే ఒక ఆట కోసం ఆ అంతస్తులో ఎనిమిది మంది దాన్ని తయారు చేస్తున్నారు. వీధులు ఒకరివి, ఇళ్లు ఒకరివి. వాతావరణం స్నేహలత పని. ఏడాదిలో ఏ రోజు ఎంత ఎండ, ఎటు గాలి, ఎన్ని మిల్లీమీటర్ల వాన అన్న పట్టిక ఆమె రాసింది. ఆమె వయసు ఇరవై ఆరు. ఆరు నెలల కాంట్రాక్టు శుక్రవారంతో ముగుస్తుంది. పట్టిక పాసైతే ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

పాస్ చేయవలసింది విద్యాసాగర్. ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాడు. హిమాయత్‌నగర్ నుంచి వారానికి రెండు రోజులు వచ్చి తప్పులు వెతుకుతాడు.

"అమ్మా, యాభై రెండు ఆదివారాలు. అన్నిట్లో సున్నా. ఏంది ఇది?"

పక్క కుర్చీలోంచి నరేశ్ అన్నాడు: "ఆదివారం వాన పడ్తే మటన్ ఎవరు తెస్తరు సార్?"

ఇద్దరు నవ్వారు. విద్యాసాగర్ నవ్వలేదు.

"గట్లనే పడ్డయి సార్," అంది స్నేహలత. "ఊహించి రాసిన."

"ఊహకు వారాలు తెల్వయమ్మా. ఆఫీసుకు తెలుస్తయి."

సంస్థ యజమాని రవికిరణ్ తన గదిలోంచి బయటికి వచ్చాడు. విద్యాసాగర్ అతనికి చెప్పాడు. రెయిన్ గేజ్ అంటే గరాటు, దాని కింద సీసా. పొద్దున ఎనిమిదిన్నరకు ఒక మనిషి వెళ్లి సీసాలో నీళ్లు కొలిచి రిజిస్టర్‌లో రాయాలి. ఆ మనిషి ఆదివారం రాకపోతే ఆ గడిలో సున్నా ఉంటుంది. ఈ పట్టిక ఏదో ఊరి రిజిస్టర్‌లా ఉంది.

కిందటేడు ఈ సంస్థ చేసిన ఒక ఆటలో వీధులు నిజమైన పట్నం నుంచి దించినవని తేలి, కొన్నవాళ్లు ఆటను వెనక్కి పంపారు. అప్పటి నుంచి అందరూ ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. తాము చేసినదేదీ నిజమైన ప్రాంతం నుంచి తీసుకోలేదని అందులో ఉంటుంది. తీసుకున్నట్టు తేలితే ఆ రోజే ఆఖరు. స్నేహలత సంతకం ఫైల్‌లో ఉంది.

"ఏ ఊరు స్నేహా?" అన్నాడు రవికిరణ్.

"ఏ ఊరూ కాదు సార్."

"నా దిక్కు చూసి చెప్పు."

ఆమె పట్టిక వైపు చూసింది.

"ఐదింటి దాకా టైం. ఊరి పేరన్న చెప్పు, ఊహించినవని రుజువన్న చూపెట్టు. లేకపోతే ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టి పో."

పదకొండుంబావుకు మెట్ల మీద ఆమె విద్యాసాగర్‌కు చెప్పింది. అది ఆమె తండ్రి భూమయ్య నోటుబుక్కు. భూమయ్య ఊళ్లో మండల ఆఫీసులో అటెండరుగా ఇరవై రెండేళ్లు వాన కొలత రాశాడు. నెలకోసారి కాగితం జిల్లాకు పంపి, నకలు తన దగ్గర పెట్టుకున్నాడు. ఆమె 2010 సంవత్సరం పేజీలు ఎక్కించింది. ఎండ, గాలి తనవి. వాన ఒక్కటే తండ్రిది.

"ఎందుకు చేసినవమ్మా?"

"మూడుసార్లు సొంతంగా రాసిన సార్. మూడుసార్లూ మీరే 'నిజమైన వాన తీరుగ లేదు' అని కొట్టేసిన్రు."

విద్యాసాగర్ ఫైల్ చంకలో పెట్టుకున్నాడు. "మీ నాయిన ఎక్కడ ఉంటడు?" అని అడిగాడు.

భూమయ్య ఇప్పుడు నాంపల్లి స్టేషన్ ఎదుట ఒక లాడ్జిలో వాచ్‌మన్. ఇద్దరూ నడిచి వెళ్లారు. పన్నెండూ ఐదుకు అక్కడున్నారు. కూతురి వెంట ఫైల్ పట్టుకున్న మనిషిని చూసి భూమయ్య స్టూలు మీది నుంచి లేచాడు.

"ఎవరు బిడ్డా ఈ సారు? జిల్లా నుంచి వచ్చిన్రా?"

"కాదు బాపూ. మా ఆఫీసు సారు. నీ వాన లెక్క గురించి అడుగుతరట."

"మీ ఆఫీసుకు నా వాన లెక్కతోని ఏం పని?"

"మీరు రోజూ కొలిచిన్రా?" అన్నాడు విద్యాసాగర్.

"ఔ. ఎనిమిదిన్నర దాటనియ్యలే. ఎవరొచ్చి అడిగినా గదే చెప్త. రాసుకోండ్రి."

"బాపూ," అంది స్నేహలత, "నువ్వు కొలిచినవంటే నా నౌకరి పోతది."

ఆమె సంగతంతా చెప్పింది. భూమయ్య విన్నాడు. విన్నాక విద్యాసాగర్ చొక్కా జేబు వైపు చూశాడు.

"జర గా ఫోను బయటికి తీయుండ్రి సారు. బంద్ చేసి గీడ పెట్టుండ్రి."

విద్యాసాగర్ ఫోన్ ఆపి స్టూలు మీద పెట్టాడు. భూమయ్య దాన్ని తిప్పి చూశాడు.

"మొదటి ఏడు కొలిచిన. మల్ల ఏడే గరాటు ఎవడో ఎత్కపోయిండు. ఇంకోటి పంపుండ్రని రెండు కాయితాలు రాసిన. గరాటు రాలే. నెల కాయితం ఏమాయెనని మాత్రం అడిగిన్రు. గందుకని వరండల కూసోని రాసిన."

"ఇరవై రెండేండ్లు?"

"ఇరవై ఒకటి."

"ఆకాశంల మొగులు చూసి రాసిన్రా?"

"మొదట్ల మొగులు జూసిన. తర్వాత గదీ లేదు. ఎంత పడ్తే బాగుంటదో గంత రాసిన."

"మరి ఆదివారం?"

"ఆదివారం సెలవు గదా సారు."

ఆరో తరగతిలో, తండ్రి ఏం చేస్తాడని టీచర్ అడిగితే, వాన కొలుస్తాడని స్నేహలత చెప్పింది. క్లాసు మొత్తాన్ని ఆఫీసు వెనకకు తీసుకుపోయి వాన కొలిచే డబ్బా చూపించింది.

"గప్పుడు డబ్బా ఉండె గదా బాపూ," అంది.

"డబ్బా ఉండె. గరాటే లేకుండె."

విద్యాసాగర్ ఈ మాటలన్నీ ఒక కాగితం మీద రాశాడు. భూమయ్య రెండుసార్లు చదివాడు.

"గిది పెన్షన్ ఆఫీసుకు పోతదా?"

"పోదు."

"ఎట్ల నమ్మాలె?"

"నమ్మకపోతే సంతకం పెట్టకుండ్రి."

భూమయ్య మండలం పేరు కొట్టేయించాడు. కూతురిని ఒకసారి చూశాడు. ఒంటిగంటా పదికి సంతకం పెట్టాడు.

మూడు గంటలకు రవికిరణ్ కాగితం చదివాడు.

"బిడ్డ నౌకరి కోసం తండ్రి ఏమన్నా రాసిస్తడు సార్. గిది రుజువెట్ల అయితది?"

విద్యాసాగర్ పట్టిక తెరిచాడు. ఆదివారం మనిషికే సెలవు, సీసాకు కాదు. నిజంగా కొలిచి ఉంటే సోమవారం సీసాలో రెండు రోజుల నీళ్లు ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోమవారాలు కూడమన్నాడు. రవికిరణ్ కూడాడు. 103 మిల్లీమీటర్లు. ఒక్క రోజు నీళ్లే ఉండే గురువారాలు కూడమన్నాడు. 121. రవికిరణ్ నమ్మక నరేశ్‌తో మళ్లీ కూడించాడు. అవే అంకెలు వచ్చాయి.

"అంటే అంకుల్ మనకంటే ముందే గేమ్ మొదలువెట్టిండు," అన్నాడు నరేశ్.

"నువ్వు నోరు మూస్కో."

రవికిరణ్ ఫైల్‌లోంచి స్నేహలత ఫారం తీసి చదివాడు. నిజమైన ప్రాంతం నుంచి తీసుకోలేదని ఉంది. ఎవరు ఊహించాలో లేదు. మూడూ నలభైకి రెండు షరతులు చెప్పాడు. పట్టిక మీద ఆమె పేరు పక్కన తండ్రి పేరు ఉండాలి. ఆదివారాలు ఐదింటి లోపల నింపాలి. విద్యాసాగర్ సంతకం పడితే శుక్రవారం పర్మనెంటు లెటర్ ఇస్తాడు.

మూడూ నలభై ఆరుకు ఆమె తండ్రికి ఫోన్ చేసింది.

"పక్కన ఎవరున్నరు?" అన్నాడు భూమయ్య.

"నరేశ్ ఉన్నడు బాపూ. మాతోనే పని చేస్తడు."

"ఆయన్ని దూరం పొమ్మను."

నరేశ్ చాయ్‌కి వెళ్లాడు.

"జూన్ ఆరు, ఆదివారం," అంది స్నేహలత. "ఎంత వెయ్యాలె?"

"మిరుగం కార్తె రాకముందే వానేంది? సున్నానే ఉంచు."

"జూన్ పదమూడు?"

"ముందటి రోజు ఎంతుంది?"

"తొమ్మిది."

"తెల్లారి?"

"ఇరవై రెండు."

స్టేషన్ దగ్గరి ఆటోల హారన్లు ఫోన్‌లో వినిపించాయి.

"పద్నాలుగు వెయ్యి," అన్నాడు.

ఆ ఫోన్ ముప్పై ఒక్క నిమిషాలు నడిచింది. నాలుగూ యాభై రెండుకు విద్యాసాగర్ పట్టిక మీద సంతకం చేశాడు. అప్పటికి మణిద్వారంలో పదకొండు ఆదివారాలు వాన పడింది.