ఐలేశ్ పేర బియ్యం

మూడు తరాల మనుషులను ఒక్క కాగితం మీదికి ఎక్కించేసరికి ప్రవళికకు తల ప్రాణం తోకకొచ్చింది. భూపాలపల్లి దవాఖానలో రక్తపరీక్షలు చేసే పిల్ల, సెలవు దొరికితే చాలు, వంశవృక్షమంటూ బండేసుకుని తిరిగింది. చిట్యాలలో నాయనమ్మ పుట్టింటి వాడకట్టుకు పోయి ముసలివాళ్లను పట్టుకుంది. మహబూబాబాద్‌లో మేనత్త గట్టమ్మను కూర్చోబెట్టి పెళ్లిళ్లు, పురుళ్లు అన్నీ చెప్పించుకుని రాసుకుంది. చివరికి ఆ పటాన్ని ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నాయనమ్మ ఉప్పలమ్మ పేరు పక్కనే ఆమె అన్న పేరుంది. యాభై ఏళ్ల కిందట షోలాపూర్ మగ్గాలకు వలసపోయి అక్కడే చనిపోయినవాడు, కీర్తిశేషులు ఐలేశ్.

ఎవరు ఎవరికి పంపారో గానీ, నాలుగో రోజు షోలాపూర్ నుంచి కొత్త నంబరు మోగింది.

"అక్కా, నేను జీవన్. మా తాత ఐలేశ్‌ను ఎందుకు చంపినవ్? ఆయన గిప్పుడే చాయ్ తాగి, చక్కెర తక్కువైందని మా అమ్మతోని కొట్లాడుతుండు."

ప్రవళిక వివరాలు ఒక్కొక్కటే అడిగింది. ఊరు చిట్యాల, తండ్రి రాజమౌళి, చెల్లెలు ఉప్పలమ్మ. అన్నీ సరిపోయాయి.

"కానీ అక్కా, తాత చెల్లె పురిట్లనే పోయిందట గదా?"

"పోవుడేంది? దేవరుప్పులల బర్రెకు కుడితి పెడుతుంది!"

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ప్రవళిక దేవరుప్పులకు పరుగెత్తింది. సంగతి విన్న ఉప్పలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మరుక్షణమే ముఖం మాడ్చుకుని అరుగు మీద కూలబడింది. కారణం పెత్రమాస. చనిపోయిన పెద్దల పేరున అయ్యగారికి బియ్యమిచ్చే ఆ అమావాస్య నాడు, పుట్టింట్లో ఇంకెవరూ మిగల్లేదని, అన్న పళ్లెం ఆమే పెట్టేది. బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, ఆయనకు ప్రాణమైన గోరుచిక్కుడు. ఒక్క ఏడు తప్పలేదు.

"బతికున్నోనికి పెత్రమాస బియ్యమిచ్చిన బిడ్డా. ఏ మొఖం పెట్టుకొని మాట్లాడాలె? నాకు పాపం తాకింది. ఫోన్ జెయ్యకు."

ప్రవళిక ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. ఇప్పుడు మాట్లాడుకోకపోతే ఇంకెప్పుడు? తను ఊరూరూ తిరిగి గీసిన ఆ పటం ఎందుకు? నాయనమ్మ మాట వినకుండా వీడియో కాల్ నొక్కింది.

తెర మీద బోసినోటి ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. ఉప్పలమ్మ కొంగుతో ముఖం కప్పేసుకుంది. ప్రవళికే గబగబా బియ్యం సంగతి చెప్పేసింది. ఐలేశ్ పకపకా నవ్వాడు.

"గందుకా మొఖం దాసుకున్నవ్? ఉప్పలీ, నేను సుత నీ పేర యేటేటా ఇచ్చిన్నే!"

కొంగు కొంచెం జరిగింది.

"ఏం కూరగాయ పెట్టినవ్?"

"సోరకాయ."

కొంగు మొత్తం జారిపోయింది. "సోరకాయనా! నేను సోరకాయ ముట్టనని నీకు ఎరుక లేదా? నేనేమో గోరుచిక్కుడు కోసం అంగడంగడి తిరిగితి!"

"మర్శిపోయిన్నే. అయినా నువ్వు యేటేటా పెట్టబట్టే గిన్నొద్దులు బతికిన."

ఇక ఆ అన్నాచెల్లెళ్లను ఆపడం ఎవరి తరం? గంటసేపటి కొట్లాటలో అసలు హంతకుడు దొరికాడు. భిక్షం! అటూ ఇటూ తిరిగే మగ్గం పనివాడు. చెల్లెలు అన్నకని పంపిన మామిడికాయ తొక్కును రైల్లోనే నాకేశాడు. అన్న చెల్లెలికని పంపిన చద్దరు తానే కప్పుకున్నాడు. అందినట్టు జాబు తెమ్మని అడుగుతారేమోనని, ఇక్కడ అన్నను, అక్కడ చెల్లెలిని మాటతోనే చంపేసి చేతులు దులుపుకున్నాడు. ఆ మహానుభావుడు ఇప్పుడు నిజంగానే లేడు.

పెత్రమాస పొద్దున ఐలేశ్ జనగామ స్టేషన్లో దిగాడు. చంకలో కొత్త చద్దరు. ప్రవళిక ఆటోలో దేవరుప్పులకు తీసుకొచ్చింది. గడపలో నిలబడ్డ ఉప్పలమ్మ అన్న చేతులు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. చూస్తున్న ప్రవళికకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. కాగితం తీసి 'కీర్తిశేషులు' అన్న మాటను అడ్డంగా కొట్టేసింది.

అయ్యగారు వచ్చి అలవాటుగా ఐలేశ్ పళ్లెం ఏదని అడిగారు.

"గా పళ్లెం ఈసారి భిక్షం పేర ఇస్త," అంది ఉప్పలమ్మ. "తొక్కు మాత్రం పెట్ట. తిన్నది చాలు."

గోరుచిక్కుడు వంటింట్లోకి పోయింది. పొయ్యి దగ్గరికి ఆమె ఎవరినీ రానివ్వలేదు. అన్నకు పీట వేసి, అన్నం పెట్టి, కూర వడ్డించి, ఎదురుగా కూర్చుంది. ఐలేశ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైందే."

ఇంట్లో అందరూ గతుక్కుమన్నారు. ఉప్పలమ్మ మాత్రం కళ్ల నిండా నీళ్లతో నవ్వింది.

"ఇంకోపారి అను అన్నా! గిన్నేండ్లు నీ పళ్లెం పెట్టిన. ఒక్కనాడన్న ఉప్పు తక్కువైందన్నవా?"