ద్వారపాలకుడి చెయ్యి

పౌలు రోజుకు మాట్లాడే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుమ్మడిదల దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు బాయిలరు పక్కన నిలబడ్డాడు. ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినబడదు. అరిచి చెప్పడం కంటే చేసి చూపించడం సుళువు. అట్లా నోరు తగ్గింది. అక్కడి పని అయిపోయి, తెల్లాపూర్‌లో పెద్ద అపార్ట్‌మెంట్ల రెండో గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాక కూడా అది పెరగలేదు.

అలాంటి మనిషి ఫోనులో మాత్రం రాసేవాడు. ఆ సంగతి కూతురు క్లారాకు ఒక్కదానికే తెలుసు. ఆమె పటాన్‌చెరులో చిన్న ప్రైవేటు బడిలో టీచరు. తండ్రిని ఆ గ్రూపులో చేర్చింది ఆమే.

"ఇదొక ఆట నాయినా. ఉత్త రాతతోటే ఆడుతరు. ఒకలు రాజు, ఒకలు రాణి, ఒకలు దొంగ. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు తమ మనిషి ఏం చేసిండో, ఏమన్నడో రాయాలె. అట్ల కథ నడుస్తది. మరి నువ్వేమైతవ్?"

పౌలు కొంచెంసేపు ఆలోచించాడు. "గేటు కాడ ఉంట."

"ఆడ గూడ గేటేనా?" అని క్లారా నవ్వింది. నవ్వుతూనే ద్వారపాలకుడు అని పేరు పెట్టి చేర్చేసింది.

కథ జరిగేది ఒక కోటలో. ఆ కోటలో పద్ధతులుండేవి. వాటిని పెట్టింది రాజు వేషం కట్టే మనిషి. గ్రూపు ఆయనదే. ఎవరు చేరినా మొదట అవే కనబడేవి. ఇక్కడ చిన్నాపెద్దా లేదు, అందరినీ మీరు అనే పిలవాలి. వంతు రానిదే రాయకూడదు. కథ బయటి మాట ఏదైనా ఉంటే బ్రాకెట్లలో పెట్టాలి. అన్నిటికన్నా పెద్దది చివర ఉండేది: ఎదుటివారి పాత్ర చేత మీరు ఏ పనీ చేయించకూడదు. మీ కత్తి మీరు దూయండి, అది తగిలిందో లేదో ఎదుటివారే రాస్తారు. వారి చెయ్యి వారిది, వారి నోరు వారిది.

పౌలు ఆ మాటలను రాతిపలకల మీద చెక్కిన ఆజ్ఞలను చదివినట్టు చదువుకున్నాడు. ఎంత మంచి మనిషై ఉంటే ఇట్లా రాస్తాడు అనుకున్నాడు.

మూడో తరగతితో బడి మానేసినవాడు. ఆ తరవాత చదివిన పుస్తకం బైబిలు ఒక్కటే. రాత అంటే అట్లాగే ఉంటుందని ఆయన నమ్మకం. అందుకని మొదటి వంతులో ఇట్లా రాశాడు: ద్వారపాలకుడు లేచి నిలువబడెను. చీకటి యింకను గడువలేదు. అతడు గొళ్లెము మీద చెయ్యి వేసి, ఎవరది? అనెను.

రాణి వేషం కట్టే పుష్ప వెంటనే రాసింది: "(ఎంత చక్కని గ్రాంథికం! మీరు తెలుగు మాస్టారా అండీ?)"

కాదని చెబుదామని పౌలు ఫోనులో బ్రాకెట్ల కోసం వెతికాడు. అవి ఎక్కడున్నాయో దొరకలేదు. ఆలోగా రాజుగారి మాట వచ్చేసింది: "(మాస్టారుకు స్వాగతం. మీవంటి వారు మా కోటకు గేటు కాయడం మా అదృష్టం.)"

అంతే, ఆ రోజు నుంచి ఆయన మాస్టారు. తాను అబద్ధమాడలేదు. ఎప్పటిలాగే మాట్లాడలేదు, అంతే. చెప్పనిది కూడా అబద్ధమవుతుందా అని ఒక ఆదివారం చర్చిలో కూర్చొని ఆలోచించాడు. తేలలేదు. మీరు, తమరు, మాస్టారూ అని అరవై ఎనిమిదో ఏట మొదటిసారి వింటున్నాడు. అది తేల్చుకోవాలనీ లేదు.

ఏడాదిన్నర అట్లా నడిచింది. అసలు పేర్లు ఎవరూ అడగలేదు. అడగకపోవడం కూడా అక్కడ మర్యాదే. రాజుగారి రాత బాగుండేది కాని, ఒక అలవాటుండేది. ఆయన మనిషికి కోపం వచ్చిందంటే చాలు, 'కనుబొమలు ముడివేసి, ఎరుపెక్కిన కన్నులతో' అని తప్పక రాసేవాడు. ఉప్పు కాస్త ఎక్కువైందనుకునేవాడు పౌలు. అనలేదు.

ఒక సాయంత్రం గేటు ముందుకు కొత్త తెల్ల కారొకటి వచ్చి ఆగింది. అద్దం మీద అపార్ట్‌మెంటు స్టిక్కరు లేదు. స్టిక్కరు లేని కారు పుస్తకంలో పేరు రాయనిదే లోపలికి పోకూడదు. పౌలు పుస్తకం, పెన్ను పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"ఏయ్ తాతా, గేటు తియ్."

"పేరు, సార్."

"నా పేరు నీకు తెల్వదా? సందీప్, బీ బ్లాకు. రోజూ నేను పోతుంటే సెల్యూట్ కొడ్తవ్ గదా."

"స్టిక్కరు లేదు సార్."

"ఇప్పుడే షోరూం నుంచి తెస్తున్న. దండ కనవడ్తలేదా ముందల? అసలు నీకు చదువొస్తదా? ఆ పుస్తకంల ఏం రాసుందో చదువు జెర, ఇంటం."

పక్కన కూర్చున్న భార్య ముసిముసిగా నవ్వింది. పౌలు పుస్తకాన్ని కిటికీ ఎత్తుకు లేపి పట్టుకుని నిలబడ్డాడు. వెనక నాలుగు కార్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. సందీప్ పేరు గీకి, పెన్ను రోడ్డు మీదికి విసిరేసి లోపలికి పోయాడు. పౌలు వంగి పెన్ను తీసుకున్నాడు. జరిగింది అంతే.

మర్నాడు పొద్దున సూపర్‌వైజర్ ఇమ్తియాజ్ స్కూటర్ మీద వచ్చాడు.

"చాచా, నెలకు మాట్లాడే మాటలన్ని నిన్న ఒక్కపారే మాట్లాడినవంట గదా" అంటూ ఫోను చేతికిచ్చాడు. "సూడు, నీ మీద కంప్లైంటు. బీ బ్లాకు సార్ అపార్ట్‌మెంటోళ్లందరి గ్రూపుల పెట్టిండు. గీ బిల్డింగుల తెలుగుల రాసేది ఆయనొక్కడేనంట. భాషంటే పానమిస్తడంట."

పౌలు వేలు పెట్టి మెల్లగా చదివాడు. "వాచ్‌మన్ కనుబొమలు ముడివేసి, ఎరుపెక్కిన కన్నులతో నా కారుకు అడ్డంగా నిలిచాడు. 'నీ అసుంటోళ్లను శానమందిని సూసిన, దిగు కిందికి' అని గర్జించాడు. నా భార్య కళ్లెదుటే నా మీదికి చెయ్యెత్తాడు..."

వేలు వెనక్కి పోయింది. కనుబొమల దగ్గర ఆగింది. ఆ ముక్కను ఏడాదిన్నరలో ఎన్నిసార్లు చదివాడో. కాగితం మీద చేతిరాతను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు. 'సూసిన' అని కూడా సరిగ్గా పెట్టాడు. పౌలు అట్లాగే అంటాడు. మాట తనది కాదు కాని, యాస తనదే.

"చెయ్యెత్తినవా?" అడిగాడు ఇమ్తియాజ్.

"పుస్తకమెత్తిన."

"నాకెర్కే. కెమెరా సూద్దామంటే అది కారు నంబర్లనే సూస్తదంట, మనిషి చెయ్యిని సూడదంట." ఇమ్తియాజ్ జేబులోంచి తెల్ల కాగితం తీసి స్టూలు మీద పెట్టాడు. "పరేషాన్ గాకు చాచా. ఆఫీసుల మాట్లాడొచ్చిన. చెయ్యెత్తింది తప్పే, మాఫ్ చెయ్యుండ్రి అని నాలుగు ముక్కలు రాసియ్యి. ఉంచుతరు. లేకపోతే ఇయ్యాలనే డ్రెస్సు ఇడిచిపొమ్మన్నరు."

పౌలు పెన్ను తీశాడు. నిన్న రోడ్డు మీద ఏరుకున్నదే. నేను అని రాశాడు. చెయ్యి ఆగిపోయింది. కాగితాన్ని మడిచి వెనక్కిచ్చాడు.

"రాయ."

"ఏమైతది చాచా నాలుగు ముక్కలకు? నోటితో అనేది గూడ లేదు, ఉత్త రాతనే గదా."

"చెయ్యనిది రాసుడు లేదు. రూలు."

"యే రూలది? ఎవడు పెట్టిండు?"

"ఆయనే."

ముసలాయన తలకు ఎండ దెబ్బ తగిలిందనుకున్నాడు ఇమ్తియాజ్. "జెర సోచాయించు. మొదటి గేటు కాడికి పోయొస్త" అని స్కూటరు తిప్పాడు.

పౌలు ఫోను తెరిచాడు. కోటలో తన కోసం ఎదురుచూస్తున్నారు. రాజు మారువేషంలో కోట వాకిటికి వచ్చి నిలిచాడు. కింద బ్రాకెట్లలో ఉంది: "(మాస్టారూ, వంతు మీది. మీ వీలు చూసుకుని తీరిగ్గా రాయండి.)" పౌలు ఆ మాటను చాలాసేపు చూశాడు. అదే వేళ్లు. రాత్రి ఆ కంప్లైంటు, పొద్దున ఈ 'మీరు'.

ఒక్క వేలితో, అరగంట సేపు రాశాడు.

"ద్వారపాలకుడు, అయ్యా నీ పేరు చెప్పుమనెను. వచ్చినవాడు పేరు చెప్పి లోనికి పోయెను. మరునాడు వాడు సభలో నిలిచి, వీడు నా మీద చెయ్యి యెత్తెను అని చెప్పెను. సభవారు ద్వారపాలకుని చేతిని చూడలేదు, చెప్పినవాని నోటిని చూచిరి. అప్పుడు ద్వారపాలకుడు తన చేతిని తానే చూచుకొనెను. దాని మీద బాయిలరు కాలిన మచ్చ యుండెను. వేరే యేమియు లేదు."

పుష్ప ముందు రాసింది: "(కళ్లలో నీళ్లు తిరిగాయి మాస్టారూ.)" ఇంకొకరు చప్పట్లు పెట్టారు. తరవాత రాజుగారు రాశారు:

"(అద్భుతం మాస్టారూ. ఒక చిన్న మాట, ఏమీ అనుకోకండి. మీరు నా పాత్ర చేత పని చేయించారు. అది మన పద్ధతి కాదని మీకు తెలియనిది కాదు. ఇంత బాగా రాశారు కనక మన్నించేశాం. బాయిలరు మాత్రం మార్చండి, కోటలో ఉండదు. నిజానికి నిన్న మా గేటు దగ్గర నాకూ ఇలాంటి అవమానమే జరిగింది, అందుకే మనసుకు తగిలింది. కొందరికి మర్యాద ఎంత నేర్పినా రాదండీ.)"

పౌలు కీబోర్డును అంకెలుండే పక్కకు తిప్పి బ్రాకెట్లు వెతికాడు. ఈసారి దొరికాయి. ఏడాదిన్నరలో మొదటిసారి వాటి మధ్య రాశాడు:

"(రెండో గేటు కాడ నిన్న మిమ్ములను పేరు రాయమన్నది నేనే. నేను మాస్టారును కాదు. నా పేరు పౌలు. నా చెయ్యి నేను ఎత్తలేదు. మీరు ఎత్తినారు.)"

చప్పట్లు ఆగిపోయాయి. రాజు రాస్తున్నట్టు పైన కనబడింది. ఆగింది. మళ్లీ కనబడింది, మళ్లీ ఆగింది. ఆ తరవాత పౌలు రాసింది మాయమైంది. కాసేపటికి తెర మధ్యన ఒక చిన్న వరుస వచ్చింది. ఫోనును తెలుగులోకి మార్చి ఇచ్చింది క్లారా, అందుకని అది కూడా తెలుగులోనే వచ్చింది.

మిమ్మల్ని ఈ గ్రూపు నుండి తీసివేశారు.

ఇమ్తియాజ్ స్కూటరు తిరిగొచ్చేసరికి పౌలు చొక్కా మీది సెక్యూరిటీ ఏజెన్సీ బిళ్ల ఊడదీస్తున్నాడు. ఈలను, టోపీని పుస్తకం మీద పెట్టేశాడు.

"ఏమైంది చాచా? ఎవరన్న ఫోన్ చేసిండ్రా?"

"ఎల్లగొట్టిండ్రు."

"నేను ఇంకా ఆఫీసుకు చెప్పనేలేదు. ఎవరు ఎల్లగొట్టిండ్రు?"

పౌలు ఫోను చూపించాడు. ఇమ్తియాజ్ చదివి, ఏమీ అర్థం కాక ఆయన మొహంలోకి చూశాడు.

"సూడు" అన్నాడు పౌలు, ఆ వరుస మొదట్లో వేలు పెట్టి. "దీంట్ల 'మిమ్మల్ని' అన్నరు."