సక్రమంగా లేనివాళ్ళు

ప్రొఫెసర్ హాల్‌స్టెడ్ ఐగెరిమ్‌ని వెళ్ళగొట్టినప్పుడు నేను పక్క బల్ల దగ్గర గాజుసీసాలు కడుగుతున్నాను. ఆయన గొంతు పెంచలేదు. ఈ సెమిస్టర్ నీ పరిశోధనకి ‘అసంతృప్తికరం’ అని వేయాల్సి వచ్చిందమ్మా, నాకూ బాధగానే ఉంది అని చెప్పి, కాఫీ కప్పుతో తన గదికి వెళ్ళిపోయాడు. ఆమె తెల్లకోటు గుండీలు పెట్టుకుంటూ అలాగే నిలబడిపోయింది.

ఇందులో వెళ్ళగొట్టడం ఎక్కడుందని మీరు అడగవచ్చు. మా యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థులం ఫస్టియర్ పిల్లలకి పాఠం చెప్పి, లాబ్ నడిపి, పేపర్లు దిద్ది బతుకుతాం. చదువులో సక్రమంగా ఉన్నవాళ్ళకే ఆ ఉద్యోగమని నియమం. ఒక్క అసంతృప్తికరం పడిందా, మనిషి సక్రమం కాదు. ఉద్యోగం పోతుంది. దానితోపాటు ఫీజు మాఫీ పోతుంది. పరదేశి అయితే వీసా కూడా పోతుంది. జనవరిలో క్లాసులు మొదలయ్యేలోగా ఆ మాట కొట్టేయకపోతే ఐగెరిమ్ తన దేశానికి, ఆల్మాటీకి విమానం ఎక్కాల్సిందే.

ఆమె చేసిన నేరం ఇంతే. విషవాయువులను బయటికి లాగేసే అద్దాల అలమారా మా లాబ్‌లో పాడైంది. మేమంతా తలనొప్పి మాత్రలు మింగి ఊరుకున్నాం. ఆమె భద్రతా విభాగానికి ఫిర్యాదు చేసింది. వాళ్ళు వచ్చి, బాగుచేసేదాకా లాబ్ మూసేశారు. హాల్‌స్టెడ్ మా విభాగానికి అధిపతి కూడా. ఆయన పరువు పోయింది.

మా బల్లలన్నీ గోడవైపు తిప్పి ఉంటాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ప్రయోగం చెడితే పక్కవాడికి చెప్పం, తెలివితక్కువవాడు అనుకుంటాడేమోనని. అసంతృప్తికరం పడినవాడు దాన్ని జబ్బులా దాచుకుని, ఒకరోజు చెప్పాపెట్టకుండా ఊరు వదిలిపోతాడు. ఖాళీ బల్ల చూసి, పాపం తట్టుకోలేకపోయాడు అనుకునేవాళ్ళం. అలా ఎంతమందిని పోగొట్టుకున్నామో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. ఐగెరిమ్ కూడా అలాగే పోయేది. వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుని, ఇంటినుంచి వచ్చిన ఎండు పెరుగు ఉండలు నములుతుంటే చూడలేక ఒడెట్టా దగ్గరికి తీసుకెళ్ళాను.

ఒడెట్టా మా యూనియన్ ప్రతినిధి. డెట్రాయిట్ కార్ల కార్ఖానా కార్మికుల బిడ్డ. ఆమె వెంటనే వెళ్ళి యూనివర్సిటీ పైవాళ్ళని అడిగి చూసింది. ఇది ఉద్యోగం విషయం కాదు, చదువు విషయం, యూనియన్‌కి సంబంధం లేదని జవాబొచ్చింది. దాంతో చర్చి కింది హాల్లో మీటింగు పెట్టింది. అందరూ కుర్చీలు దూరం దూరంగా లాక్కుని కూర్చున్నారు. థాడ్ అనేవాడు లేచి, మనం డిగ్రీల కోసం వచ్చాం గానీ దెబ్బలాటలకి కాదన్నాడు. హాల్‌స్టెడ్ మంచివాడనీ, తనకి జ్వరమొస్తే సూప్ పంపించాడనీ చెప్పాడు.

“మంచోడే, ఎవరు కాదన్నారు?” అంది ఒడెట్టా. “మంచోడు కాబట్టే నవ్వుతూ పీకాడు. పేపర్లు దిద్దేటప్పుడు నువ్వు పనోడివి. పీకేటప్పుడు స్టూడెంటువి. ఆ గీత ఎప్పుడు ఎటు జరపాలో వాళ్ళిష్టం. సరే, మార్కులు చదువు విషయమే అంటున్నారుగా? అయితే మనం వేసే మార్కులూ చదువు విషయమే. వెయ్యాలా వద్దా అని ఈసారి మనమే తేల్చుకుందాం.”

కోట్లు తగిలించేచోట నిలబడ్డ ఐగెరిమ్ అప్పుడు నోరు విప్పింది. “నా కోసమైతే వద్దు. నేను పోతాను, మీరు ఇక్కడే ఉంటారు. రేపు ఎవరికి పడుద్దో అది చూసుకోండి.”

డిసెంబరు పరీక్ష అయ్యాక అందరం ఒకే గదిలో కూర్చుని పేపర్లు దిద్దడం మా ఆనవాయితీ. ఒకరికి ఒక ప్రశ్న. దిద్ది పక్కవాడికి అందిస్తాం. చిల్లీ అని మాంసం, చిక్కుడుగింజల కూర హాల్‌స్టెడ్ ఇంట్లో స్వయంగా వండి, పెద్ద గిన్నెతో తెస్తాడు. ఏడాదిలో మేము ఎదురెదురుగా కూర్చునేది ఆ ఒక్కరోజే. ఆ సాయంత్రం కూర్చున్నాం గానీ పెన్నులు తీయలేదు. ముందు తినండర్రా, మనమంతా ఒక కుటుంబం అంటూ ఆయన వడ్డించాడు. ఎవరూ ముట్టలేదు. ఐగెరిమ్‌కి వేసింది తీసేస్తే దిద్దుతామని ఒడెట్టా చెప్పింది. అయితే ఒక్కొక్కరే నా గదికి రండి, మాట్లాడుకుందాం అన్నాడాయన. ఎవరూ లేవలేదు. ఆయన గిన్నె మూతపెట్టి తీసుకుపోయాడు.

మర్నాటికి క్రిస్మస్ సెలవులు, ఊరంతా ఖాళీ. అప్పుడు ఎవరి గదిలో వాళ్ళం, ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళం, మా పేర్ల పక్కన అదే మాట చూసుకున్నాం. విభాగంలో అందరికీ అసంతృప్తికరం. కింద హాల్‌స్టెడ్ గారి దయ: క్లాసులు మొదలయ్యేలోగా ఎవరికి వారు క్షమాపణ చెప్పుకుంటే మార్చేస్తారట. ఎవరు చెప్పుకున్నారో మిగతావాళ్ళకి తెలియనివ్వరట.

ఆ సెలవులు నేను మరిచిపోలేను. మంచు పడుతూనే ఉంది. మొదట్లో ఫోన్లో ధైర్యం చెప్పుకున్నాం. తర్వాత ఒక్కొక్కరే మాట్లాడటం మానేశారు. మానేసినవాడు క్షమాపణ చెప్పేశాడేమోనని అనుమానం. క్రిస్మస్ రోజున ఐగెరిమ్ ఫోన్ చేసి, పెట్టె సర్దుకున్నానంది. ఎవరెవరు నిలబడ్డారని ఆమె అడగలేదు. నాకు తెలియదని నేను చెప్పలేదు. ఆ సాయంత్రం నేనూ రెండు వాక్యాల క్షమాపణ రాశాను. అది పంపితే ఈ లోకంలో నాకంటూ ఇక ఎవరూ మిగలరని భయమేసింది. చెరిపేశాను.

క్లాసులు మొదలయ్యే సోమవారం మోకాళ్ళలోతు మంచులో ఒక్కణ్ణే నడిచి వెళ్ళాను. లాబ్ బయట ఫస్టియర్ పిల్లలు గుంపుగా ఉన్నారు. వాళ్ళని దాటి మలుపు తిరిగితే, గోడ వెంబడి నేలమీద మావాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒడెట్టా, ఆ పక్కన మిగతా అందరూ.

థాడ్ మాత్రం తెల్లకోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పక్కన హాల్‌స్టెడ్. థాడ్ సక్రమంగా ఉన్నాడనీ, పాఠం అతనే చెబుతాడనీ ఆయన ప్రకటించి, అతన్ని తలుపు తియ్యమన్నాడు. థాడ్ మావైపు చూశాడు. ఒడెట్టా కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

“నేనడిగిన క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నా సార్. మళ్ళీ అదే వేసేయండి” అని చెప్పి థాడ్ వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఐగెరిమ్ మెట్లెక్కి వచ్చింది. వీడ్కోలు చెప్పడానికి వచ్చినట్టుంది, చేతిలో పెట్టె ఉంది. హాల్‌స్టెడ్ మొహం కందిపోయింది. ఈ భవనంలో ఉండే హక్కు నీకు లేదన్నాడు.

ఆమె గోడ పొడుగునా కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కరినే చూసింది.

“ఇక్కడ ఎవరికీ లేదు సార్. మీరే అందరికీ వేశారుగా.”

పెట్టె కిందపెట్టి, కోటు విప్పి, మా మధ్య కూర్చుంది.